పోలీసు చదువుకి మన డబ్బెందుకు?

మనలో చాలామందిమి ఆఫీసు డబ్బుతో ఏదో ఒకటి చదువుకున్నవాళ్ళమే. వారాంతాల్లో ఎంబీఏ చేసినవాళ్ళు, సర్టిఫికేషన్ పరీక్ష రాసి బిల్లు హెచ్చార్‌కి పంపించినవాళ్ళు, అమెరికాలో ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రం క్లాసులకెళ్ళి రెండో ఎమ్మెస్ పూర్తిచేసినవాళ్ళు మనకి కొత్తేం కాదు. అమెరికా ఆదాయపు పన్ను చట్టంలో దీనికోసం 127వ సెక్షనని ఒకటుంది. కంపెనీ తన ఉద్యోగి చదువుకి ఏడాదికి 5,250 డాలర్ల దాకా ఇస్తే ఆ డబ్బు మీద ఉద్యోగి పన్ను కట్టక్కర్లేదు. 1986లో పెట్టిన ఆ అంకె దశాబ్దాల పాటు కదల్లేదు. పన్ను వదులుకుంటోంది కాబట్టి మన చదువుకి అక్కడి ప్రభుత్వం కూడా ఓ చెయ్యి వేస్తున్నట్టే లెక్క. దాన్ని మనం బెనిఫిట్ అంటాం. దుబారా అని ఎవరూ అనరు.

అదే "పోలీసులు పై చదువులు చదువుకుంటామంటే ఫీజు ప్రభుత్వం కట్టాలి" అని చూడండి. వెంటనే వచ్చే మాట, "దొంగని పట్టుకోడానికి డిగ్రీ ఎందుకండీ?" అని. ఈమధ్య మా ఆఫీసులో భోజనాల దగ్గర ఇదే చర్చ. మొత్తం ఆరుగురం. అయిదుగురు ఒక పక్క, నేనొక్కణ్ణీ ఒక పక్క. అరగంట లంచిలో తేలే విషయం కాదు కాబట్టి తీరిగ్గా ఇక్కడ రాస్తున్నాను :-)

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ప్రభుత్వం ఆ డబ్బు ఇవ్వాలి. ఐతే ఎలా ఇస్తుందన్నదే అసలు విషయం. అమెరికా ఈ పని 1968లోనే మొదలుపెట్టింది, చాలా పెద్ద ఎత్తున చేసింది, అందులో సగం చేజేతులా పాడుచేసుకుంది. ఎక్కడ పాడైందో చూస్తే ఎలా ఇవ్వాలో తెలుస్తుంది. అందుకని ఈ కథ చాలామటుకు అమెరికాదే. మన రాష్ట్రాల సంగతి చివర్లో చూద్దాం.

ముందుగా "డిగ్రీ ఎందుకు" అన్న ప్రశ్న. పోలీసు పనంటే మనకి సినిమాలో ఛేజింగులే గుర్తొస్తాయి. నిజానికి డ్యూటీలో ఎక్కువ భాగం గొడవ పడుతున్న మొగుడూ పెళ్ళాల మధ్య నిలబడ్డం, తాగి రోడ్డు మీద పడున్నవాణ్ణి ఏంచెయ్యాలో తేల్చుకోవడం, మతిస్థిమితం లేనివాడితో మాట్లాడ్డం, బండి ఆపి కాగితాలడగడం, తర్వాత కూచుని రిపోర్టు రాయడం. ప్రతిచోటా ఒక నిర్ణయం తీసుకోవాలి. అరెస్టు చెయ్యాలా, వదిలెయ్యాలా, చెయ్యెత్తాలా, మాటతో సరిపెట్టాలా? మనం నాలుగు లైన్ల కోడు మారిస్తే ఇద్దరు రివ్యూ చేస్తారు, టెస్టింగు వాళ్ళు చూస్తారు, అప్పటికీ తేడా వస్తే వెనక్కి తీసుకుంటాం. అర్ధరాత్రి వీధిలో నిలబడ్డ పోలీసుకి అవేం లేవు. ఒక్కడే, కొన్ని సెకన్లలో తేల్చుకోవాలి. తేడా వస్తే వెనక్కి తీసుకోవడం కుదరదు.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. 1960ల్లో అమెరికా నగరాల్లో జరిగిన అల్లర్లు ఎలా మొదలయ్యాయో చూడండి. 1965లో లాస్ ఏంజెలెస్‌లోని వాట్స్‌లో... తాగి కారు నడుపుతున్నాడని ఒక కుర్రాణ్ణి ఆపారు. 1967 జులైలో నెవార్క్‌లో... ఒక టాక్సీ డ్రైవర్ని అరెస్టు చేసి కొట్టారు. అదే నెల డెట్రాయిట్‌లో... లైసెన్సు లేకుండా రాత్రిపూట నడుస్తున్న బారు మీద దాడి చేసారు. మూడూ రోజూ జరిగే పోలీసు పనులే. లోపల ఏళ్ళ తరబడి పేరుకున్న కోపం వేరే ఉంది, కాదనను. కానీ నిప్పురవ్వ పడింది మాత్రం ఈ మామూలు డ్యూటీల్లోనే. మూడుచోట్లా కలిపి వందకి పైగా ప్రాణాలు పోయాయి.

పోలీసులకి కాలేజీ చదువుండాలన్న ఆలోచన అంతకంటే చాలా పాతది. కాలిఫోర్నియాలోని బర్కిలీలో ఆగస్ట్ వోల్మర్ అనే ఆయన 1909లో పోలీస్ చీఫ్ అయ్యాడు. అంతకుముందు ఆయన ఉత్తరాలు బట్వాడా చేసే పోస్ట్‌మాన్. సొంతంగా పెద్ద చదువేం లేదు. అలాంటి మనిషి 1916లో అక్కడి యూనివర్సిటీతో కలిసి పోలీసులకి క్లాసులు మొదలుపెట్టించాడు. కాలేజీ కుర్రాళ్ళని ఏరికోరి పోలీసుల్లో చేర్చుకున్నాడు. ఊళ్ళో నవ్వుకున్నవాళ్ళు లేకపోలేదు. ఆయన పద్ధతి ఒక్క ఊరిదే. దేశం మొత్తానికి రావడానికి ఇంకో యాభై ఏళ్ళు పట్టింది.

1965లో అధ్యక్షుడు జాన్సన్ నేరాల మీద ఒక కమిషన్ వేసాడు. 1967 ఫిబ్రవరిలో రిపోర్టు వచ్చింది. అరెస్టు చేసే అధికారమున్న ప్రతి పోలీసుకీ నాలుగేళ్ళ డిగ్రీ ఉండాలి, ఇప్పుడు కాకపోయినా చివరికి చేరాల్సింది అక్కడికే అని అందులో చెప్పారు. 1968లో చట్టం చేసి, పోలీసుల చదువు కోసమే విడిగా ఒక పథకం పెట్టారు. దాని పొట్టి పేరు లీప్.

ఈ లీప్ ఎలా పనిచేసేదో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కాగితం మీద చాలా తెలివైన పథకం. ఇందులో రెండు రకాలున్నాయి. మొదటిది అప్పు. పోలీసు ఉద్యోగానికి వెళ్ళాలనుకునే విద్యార్థికి ఏడాదికి 1,800 డాలర్ల దాకా ఇస్తారు. చదువయ్యాక పోలీసుల్లో చేరితే, పనిచేసిన ఒక్కో ఏడాదికీ పాతిక శాతం అప్పు రద్దు. నాలుగేళ్ళు పనిచేస్తే మొత్తం మాఫీ. రెండోది గ్రాంటు. ఇది ఇప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్ళకి. సెమిస్టరుకి 300 డాలర్ల దాకా ఫీజు ప్రభుత్వం కడుతుంది, ఆ కోర్సు అయ్యాక రెండేళ్ళు ఉద్యోగం వదలకూడదు. మన సర్వీసు కంపెనీల బాండు గుర్తొచ్చిందా? అదే లెక్క. కాకపోతే ఇక్కడ ఒరిజినల్ సర్టిఫికెట్లు లాక్కుని బీరువాలో పెట్టుకోవడాల్లేవు :-)

డబ్బు ఇబ్బడిముబ్బడిగా వచ్చింది. 1970ల్లో ఏడాదికి 4 కోట్ల డాలర్ల దాకా ఖర్చుపెట్టారు. వెయ్యి దాకా కాలేజీలు ఈ పథకంలో చేరాయి. షిఫ్టు దిగి యూనిఫాంతోనే సాయంత్రం క్లాసుకి వచ్చిన పోలీసులు వేలమంది. ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి తనే అయిన పోలీసులు అందులో ఎందరో. అక్కడిదాకా బాగానే ఉంది.

మరి పాడైందెక్కడ? కాలేజీల దగ్గర. సీటుకింత అని ప్రభుత్వం కడుతోందంటే, ఆ సీటు కోసమే కోర్సులు పుడతాయి. పదేళ్ళ క్రితం దేశం మొత్తమ్మీద పోలీసు చదువుల కోర్సులు వందల్లో ఉండేవి, 1970ల మధ్యకి వెయ్యి దాటిపోయాయి. పాఠం చెప్పడానికి అంతమంది ప్రొఫెసర్లు ఎక్కణ్ణుంచి వస్తారు? రిటైరైన పోలీసు అధికార్లని పార్ట్ టైమ్‌గా తెచ్చారు. వాళ్ళు తమకి తెలిసిందే చెప్పారు. ట్రాఫిక్ ఎలా మళ్ళించాలి, రిపోర్టు ఏ ఫారంలో రాయాలి, పెట్రోలింగు ఎలా చెయ్యాలి... ఇవన్నీ పోలీసు అకాడమీలో ఎలాగూ నేర్పేవే. అకాడమీ ట్రైనింగుకే కాలేజీ క్రెడిట్లు ఇచ్చిన చోట్లూ ఉన్నాయి. పోలీసులకి అనువుగా ఉంటుందని క్లాసులు పోలీసు స్టేషన్లలోనే పెట్టినవాళ్ళూ ఉన్నారు. అంటే పొద్దున్న కలిసి డ్యూటీ చేసిన మనుషులే సాయంత్రం కలిసి కూచుని, తమలాంటి మనిషే చెప్పే పాఠం విన్నారన్నమాట. బయటి ప్రపంచం ఆ గదిలోకి రానేలేదు. పోలీసుని కాలేజీకి పంపిన ఉద్దేశమే బయటివాళ్ళతో కలవాలని కదా!

దీనిమీద 1978లో ఒక రిపోర్టు వచ్చింది. పోలీసుల ఉన్నత విద్య మీద వేసిన జాతీయ సలహా కమిషన్ తరఫున లారెన్స్ షెర్మన్ అనే క్రిమినాలజిస్టు దాన్ని రాసాడు. పైన చెప్పిన జబ్బులన్నీ అందులో ఉన్నాయి. ట్రైనింగుకి క్రెడిట్లివ్వొద్దు, పోలీసులకి మాత్రమే అనే క్లాసులు పెట్టొద్దు, చరిత్ర, సాహిత్యం, సమాజశాస్త్రం లాంటివి చదివించండి అన్నాడు. అన్నిటికంటే ముఖ్యంగా, ఉద్యోగంలో చేరాక చదివించే బదులు చదువుకున్నవాళ్ళనే చేర్చుకోండి అన్నాడు. ఆ తర్వాత కొన్నాళ్ళకే డబ్బు ఎండిపోయింది. లీప్‌ని నడిపిన సంస్థ 1982లో మూతపడింది.

ఇక్కడిదాకా విని మా లంచి మిత్రులు "చూసావా, మేం చెప్పిందే కదా" అంటారు. ఆగండి, ఇంకో కథ ఉంది. ఇది మసాచుసెట్స్ రాష్ట్రానిది. తప్పు ఇంకోరకంగా ఎలా చెయ్యొచ్చో చూపిస్తుంది.

1970లో అక్కడొక చట్టం వచ్చింది. అందరూ క్విన్ బిల్లంటారు. ఇందులో ఫీజు కట్టడం లేదు, డిగ్రీ తెచ్చుకుంటే జీతం పెంచడమే. రెండేళ్ళ అసోసియేట్ డిగ్రీకి మూలవేతనం మీద 10 శాతం, బ్యాచిలర్స్‌కి 20 శాతం, మాస్టర్స్‌కి గానీ లా డిగ్రీకి గానీ 25 శాతం. సర్వీసు ఉన్నన్నాళ్ళూ ప్రతి ఏడాదీ. ఖర్చులో సగం రాష్ట్రం, సగం ఆ ఊరి మునిసిపాలిటీ భరించాలి.

మనం లెక్కలవాళ్ళం కాబట్టి ఒక చిన్న లెక్క వేద్దాం. ఊరికే ఉదాహరణకి మూలవేతనం 60,000 డాలర్లనుకోండి. బ్యాచిలర్స్ తెచ్చుకుంటే ఏడాదికి 12,000 ఎక్కువ. ఇంకా ఇరవయ్యేళ్ళ సర్వీసు ఉంటే 2,40,000. జీతం పెరిగినకొద్దీ ఇదీ పెరుగుతుంది, ఆ సంగతి వదిలేద్దాం. ఇంత డబ్బు ఒక కాగితమ్ముక్క మీద ఆధారపడి ఉన్నప్పుడు మనిషి ఎలాంటి కాలేజీ వెతుక్కుంటాడు? కష్టపెట్టే కాలేజీనా, త్వరగా తేల్చేసే కాలేజీనా? మనలో ఎవరైనా అదే చేస్తాం. పోలీసుల్ని అనడానికేం లేదు, లెక్క అలా పెట్టారు. వారానికో పూట క్లాసుతో మాస్టర్స్ చేతిలో పెట్టే కోర్సులు వచ్చాయని పత్రికలు ఎండగట్టాయి. చివరికి 2000ల మొదట్లో అక్కడి ఉన్నత విద్యామండలి రంగంలోకి దిగి కోర్సుల ప్రమాణాలు బిగించాల్సొచ్చింది. అంటే చట్టం వచ్చిన ముప్ఫై ఏళ్ళకి!

తర్వాతి ముచ్చట ఇంకా బాధాకరం. 2008 మాంద్యం దెబ్బకి 2009లో రాష్ట్రం తన వాటా సగాన్ని భారీగా కోసేసింది. ఆ ఏడాది జులై 1 తర్వాత చేరినవాళ్ళకి ఈ పథకమే లేదంది. మరి ఇప్పటికే ఉన్నవాళ్ళకి రాష్ట్రం మానేసిన సగం ఎవరివ్వాలి? బోస్టన్ నగరం "మా సగం మేమిస్తాం, రాష్ట్రం సగంతో మాకు సంబంధం లేదు" అంది. పోలీసులు కోర్టుకెళ్ళారు. 2012లో ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం నగరం వైపే తీర్పిచ్చింది. రాత్రుళ్ళు కూచుని చదివి, ఆ జీతం ఉంటుందన్న ధీమాతో ఇంటి అప్పు తీసుకున్న మనిషి పరిస్థితి ఊహించుకోండి. రిసెషన్లో వేరియబుల్ పే ఎగిరిపోయిన అనుభవం మనకీ ఉంది. అదైనా కంపెనీ లాభాల మీద ఆధారపడుతుందని ఆఫర్ లెటర్లోనే రాసుంటుంది. ఇది చట్టంలో రాసిన శాతం.

ఈ రెండు కథల్లోనూ నాకు కనబడేది ఒకటే. ప్రభుత్వం చదువుని కొనాలనుకుంది, కాగితాన్ని కొంది. లీప్‌లో సీటు నిండితే డబ్బు, క్విన్ బిల్లులో డిగ్రీ చూపిస్తే డబ్బు. క్లాసులో ఏం చెప్తున్నారు, ఆ మనిషి ఏం నేర్చుకుంటున్నాడు అని అడిగినవాళ్ళు మొదట్లో ఎవరూ లేరు. తప్పు డబ్బివ్వడంలో లేదు, దేనికిస్తున్నామో చూసుకోకపోవడంలో ఉంది.

సరే, ఇంతా చేసి చదువు వల్ల పోలీసులో తేడా వస్తుందా? దీనిమీద చాలా పరిశోధనలున్నాయి, అన్నీ ఒకే మాట చెప్పవు. నాకు నమ్మకంగా అనిపించింది 2010లో జేసన్ రైడ్‌బర్గ్, విలియం టెరిల్ చేసిన పని. పోలీసులు జనంతో వ్యవహరిస్తున్నప్పుడు పరిశోధకులు పక్కనే ఉండి రాసుకున్న వివరాలవి. అరెస్టులు చెయ్యడంలో, సోదాలు చెయ్యడంలో చదువుకీ దానికీ సంబంధం కనబడలేదు. బలప్రయోగంలో మాత్రం కనబడింది. కాలేజీ చదువున్నవాళ్ళు బలం వాడ్డం తక్కువ. అంటే చదువుకున్న పోలీసు తన పని తను చేస్తున్నాడు, ఎంతమందిని అరెస్టు చెయ్యాలో అంతమందినీ చేస్తున్నాడు, కానీ చెయ్యెత్తడం తక్కువ. నా మటుకు నాకు ఈ ఒక్క తేడా చాలు. దెబ్బతిన్నవాడి ఆస్పత్రి ఖర్చు, కోర్టు కేసు, పరిహారం, ఆ వీధి మొత్తానికి పోలీసు మీద పోయే నమ్మకం... ఇవన్నీ ఒక పక్కనేసి, కాలేజీ ఫీజు ఇంకో పక్కనేసి చూడండి.

మా లంచి మిత్రుల్లో ఒకాయన మంచి ప్రశ్నే వేసాడు. "చదువు వల్ల మనిషి నెమ్మదిగా అయ్యాడో, నెమ్మదైన మనిషి కాబట్టి చదువుకున్నాడో ఎలా తెలుస్తుంది?" అని. సరైన ప్రశ్న. రెండూ కొంత నిజమే అయ్యుంటాయి. కానీ ఆ రెండో సంగతి నిజమైనా ఫీజు కట్టడం దండగ కాదు. డబ్బులేక ఆగిపోయిన నెమ్మదైన మనిషి ఈ ఉద్యోగంలోకి రావడానికి, వచ్చినవాడు ఇందులోనే ఉండడానికి అదొక కారణమవుతుంది.

ఇంకో వాదన షెర్మన్‌ది. చదువుకున్నవాళ్ళనే చేర్చుకుంటే పోలా, ఈ ఫీజుల గొడవెందుకు? వినడానికి బావుంటుంది, ఇక్కడే నేను ఆయనతో విడిపోతాను. డిగ్రీ ఉంటేనే రమ్మంటే ముందు ఆగిపోయేది డబ్బులేనివాడు. అమెరికాలో ఇది ఎక్కువగా నల్లజాతి వాళ్ళని ఆపుతుంది. డాలస్ నగరం పోలీసు ఉద్యోగానికి 45 కాలేజీ క్రెడిట్లు ఉండాలని పెడితే, అది నల్లజాతి వాళ్ళని బయటపెడుతోందని కేసు పడింది. 1985లో అప్పీలు కోర్టు, పోలీసు పనిలో ఉన్న బాధ్యత దృష్ట్యా ఆ నియమం చెల్లుతుందని చెప్పింది. చట్టప్రకారం చెల్లొచ్చు. కానీ ఏ పేటలో పోలీసు మీద నమ్మకం తక్కువో ఆ పేట కుర్రాడే గేటు దగ్గర ఆగిపోతే ఎవరికి నష్టం?

పైగా మనుషులు దొరకనప్పుడు ఆ నియమాలు నిలబడవు. 1967 కమిషన్ ప్రతి పోలీసుకీ డిగ్రీ అంది కదా, 2013 ప్రభుత్వ లెక్కల్లో నాలుగేళ్ళ డిగ్రీ తప్పనిసరి అన్న స్థానిక పోలీసు విభాగాలు 1 శాతం. న్యూయార్క్ పోలీసులకి చాలాకాలంగా 60 క్రెడిట్ల నియమం ఉండేది, 2025లో చేరేవాళ్ళు తగ్గిపోతున్నారని దాన్ని 24కి దించారు. ఐతే ఇంకో అంకె చూడండి. 2017లో వచ్చిన ఒక జాతీయ సర్వేలో అమెరికా పోలీసుల్లో దాదాపు 30 శాతానికి నాలుగేళ్ళ డిగ్రీ ఉంది. నియమం పెట్టింది 1 శాతం విభాగాలైతే, డిగ్రీ ఉన్న మనుషులు 30 శాతం! అంటే తప్పనిసరి అనకపోయినా చదువుకునేవాళ్ళు చదువుకుంటున్నారు. గేటు దగ్గర ఆపడం కంటే లోపలికి రానిచ్చి, తర్వాత చదువుకి దారి చూపించడం మేలని నేననేది ఇందుకే. ఫీజు సాయం ఆ దారి.

ఇక మన దగ్గరికొద్దాం. పైన లీప్ కాలేజీల కథ చదువుతుంటే మీకు ఏదో గుర్తొచ్చే ఉంటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 నుంచి ఫీజు రీయింబర్స్‌మెంటు పెద్ద ఎత్తున మొదలైంది. ఆ పథకం వల్ల ఎంతోమంది పేదింటి పిల్లలు ఇంజినీర్లయ్యారు, మన పక్క సీట్లలోనే కూచుని పనిచేస్తున్నారు. దాన్ని తక్కువ చెయ్యను. కానీ అదే కాలంలో రాష్ట్రంలో ఇంజినీరింగు కాలేజీలు ఏడొందలు దాటాయి. అందులో ల్యాబులో కంప్యూటర్లు లేనివెన్నో, ఈ ఏడాది పాసై వచ్చే ఏడాది పాఠం చెప్పిన లెక్చరర్లెందరో మనకి వేరే చెప్పక్కర్లేదు. ఇంటర్వ్యూలు తీసుకున్న ప్రతివాడికీ తెలుసు. సీటుకింత అని కట్టి, క్లాసులోకి తొంగిచూడకపోతే అమెరికాలోనైనా మన దగ్గరైనా జరిగేది అదే.

పోలీసుల విషయంలో మన సమస్య కొంచెం వేరు. కానిస్టేబుల్‌కి రెండు రాష్ట్రాల్లోనూ ఇంటర్ చాలు, కానీ బీటెక్‌లు, పీజీలు చేసినవాళ్ళు ఆ పరీక్షలు రాసి చేరుతున్నారు. మన క్లాస్‌మేట్లలో కూడా ఒకరిద్దరు ఉండే ఉంటారు. అంటే మన దగ్గర డిగ్రీ కాగితాలకి కరువు లేదు. కరువల్లా టైముకే. కామన్ కాజ్, లోక్‌నీతి కలిసి 2019లో చేసిన అధ్యయనంలో మన దేశంలో పోలీసులు సగటున రోజుకి 14 గంటలు పనిచేస్తున్నారని తేలింది. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసులకి వారానికో రోజు సెలవని 2019లో ప్రకటిస్తే అదొక పెద్ద వార్త అయింది. వారానికో సెలవు వార్త కావడమేంటో ఆలోచించండి! పద్నాలుగు గంటలు బందోబస్తులో నిలబడి వచ్చిన మనిషికి ఫీజు మేం కడతాం, వెళ్ళి చదువుకో అంటే అది సాయమా, వెక్కిరింతా? మనకి ఒక రిలీజు వారం గడిస్తేనే పుస్తకం ముట్టబుద్ధి కాదు.

కోర్సుకి చేరే దారులు మనకి లేకపోలేదు. దేశంలో మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ 1982లో హైదరాబాదులోనే మొదలైంది, ఇప్పటి అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. అక్కడ ఫీజులు కూడా మరీ ఎక్కువేం కాదు. ఆదివారం కాంటాక్టు క్లాసుకి వెళ్ళాలంటే ఆ ఆదివారం డ్యూటీ పడకూడదు. అంతే.

కాబట్టి నన్నడిగితే, అమెరికాలోనైనా ఇక్కడైనా ఫీజు సాయం ఇలా ఉండాలి:

ఒకటి, కట్టేది ఫీజే కావాలి. డిగ్రీ చూపించినందుకు జీవితాంతం జీతంలో శాతం పెట్టొద్దు. మంచి పోలీసుకి ప్రమోషన్ ఎలాగూ ఇవ్వాలి, చదువు అందులో ఒక అంశం కావచ్చు. శాతాల లెక్క పెడితే కాగితం వేట మొదలవుతుంది, రేపు డబ్బు చాలకపోతే క్విన్ బిల్లులాగే నడిమధ్యలో తెగుతుంది.

రెండు, మామూలు కాలేజీలో, మామూలు విద్యార్థుల మధ్య కూచుంటేనే డబ్బు. పోలీసులకి మాత్రమే పెట్టిన బ్యాచిలకి వద్దు. అకాడమీలో నేర్పిందానికి మళ్ళీ క్రెడిట్లు వద్దు. ఏ కోర్సైనా ఫర్వాలేదు. చరిత్ర, సైకాలజీ, లా, లెక్కలు, కంప్యూటర్లు... పోలీసు అనుకోకుండా ఉన్న మనుషులతో పోలీసు మూడేళ్ళు వాదించుకోవడమే ఆ డబ్బుకి దక్కే అసలు ఫలితం. తనవల్ల ఆ పిల్లలకి కూడా పోలీసంటే ఏమిటో కొంత తెలుస్తుంది.

మూడు, ఫీజుతో పాటు టైము. వారంలో ఫలానా రోజులు, ఫలానా గంటలు ఈ మనిషిని డ్యూటీకి పిలవకూడదని రాతపూర్వకంగా ఉండాలి. దానికోసం స్టేషన్లో అదనంగా మనుషులు కావాలంటే ఆ ఖర్చు కూడా పథకంలోనే లెక్కవెయ్యాలి. టైము లేని ఫీజు సాయం పత్రికా ప్రకటనకి తప్ప ఎందుకూ పనికిరాదు.

నాలుగు, బాండు ఉండొచ్చు. లీప్‌లో నాకు నచ్చినది అదే. ఏడాదికి పాతిక శాతం మాఫీ అన్నది న్యాయమైన లెక్క. మధ్యలో వెళ్ళిపోతే మిగిలింది కట్టి వెళ్ళొచ్చు, మనిషిని కట్టిపడెయ్యడం ఉండదు, ప్రభుత్వం డబ్బూ పోదు.

ఐదు, మాటిస్తే మధ్యలో తప్పొద్దు. బడ్జెట్ తగ్గితే కొత్తవాళ్ళని తీసుకోవడం ఆపండి, కోర్సు మధ్యలో ఉన్నవాణ్ణి వదిలెయ్యొద్దు.

"చదువుకున్నాక పోలీసుల్లో ఎందుకుంటాడు, మనలాగా ఐటీకి వచ్చేస్తాడు" అని ఇంకో మాట అన్నారు. కొందరు వెళ్తారు. మన కంపెనీలు ట్రైనింగిచ్చాక వెళ్ళిపోయినవాళ్ళు లేరా? అలాగని ట్రైనింగు ఆపేసిన కంపెనీ ఎక్కడైనా ఉందా? ఉండిపోయేవాళ్ళ కోసం ఖర్చుపెడతాం. పదిమందిలో ముగ్గురు వెళ్ళిపోయినా, మిగిలిన ఏడుగురూ ఏ రాత్రి ఏ వీధిలో మనకో మనవాళ్ళకో ఎదురవుతారో తెలీదు.

మనం సాఫ్ట్‌వేర్ వాళ్ళం పన్నులు బాగానే కడతాం, జీతం చేతికి రాకముందే కట్ అయిపోతుంది. ఆ డబ్బుతో ఏదో ఒక బ్రిడ్జి కట్టి సగంలో ఆపేస్తే తిట్టుకుంటాం. ఒక కానిస్టేబుల్ మూడేళ్ళ చదువుకయ్యేది అందులో ఒక స్తంభం ఖర్చు కూడా కాదు. ఇవ్వాలా వద్దా అని కొట్టుకునే బదులు, ఏ క్లాసుకి ఇస్తున్నారు, ఆ క్లాసులో ఏం చెప్తున్నారు, ఆ మనిషికి వెళ్ళడానికి తీరికిస్తున్నారా అని అడగడం అలవాటు చేసుకుంటే మంచిదని నా అభిప్రాయం. 1968లో ఆ ప్రశ్నలు అడిగుంటే లీప్ ఇంకా బతికుండేదేమో.

మీరేమంటారు?